మంచుపై నిలిచిన పాదము

కర్నూలు, కడప సీమలలో పుట్టి పెరిగిన విద్యార్థికి మంచుగడ్డ అనగానే జ్ఞాపకమునకు వచ్చునది వేసవిలో రంపపు పొట్టు కప్పి బండిమీద తెచ్చు ఐసుగడ్డ. కాకున్న, గాలివానతో రాలి చేతిలోనికి తీసుకొనునంతలో కరిగిపోవు వడగండ్లు. కనుచూపు మేర నేలయంతా మంచుగడ్డయై, దానిమీద మనుష్యుడు నడువవలసి వచ్చుననుట మన ఊహకు సులభముగా అందదు. అయినను జారిపడుట అన్నది మనము ఎరుగని సంగతి కాదు. నాపరాతి బండలు పరచిన వాకిట తొలకరి చినుకు పడినప్పుడు ఇంటిలోని పెద్దవారు గోడ పట్టుకొని నడచుట చూచినాము. అహోబిలమున భవనాశి ఒడ్డున పాచి పట్టిన రాళ్ళపై అడుగు వేసినవారికి, కాలు ఒకసారి కదలిన తరువాత శరీరములోని బలమెల్ల ఎందుకును కొరగాదని బాగుగా తెలుసు.

ఆ ఒక్క అడుగును గురించి, అది నిలుచుటను గురించి, జీవితమంతా ఆలోచించిన మనిషి ఒకడు వుండినాడు. ఆయన పేరు ఆస్కార్ ఎకెన్‌స్టైన్. పర్వతారోహకుల లోకమున ఆ పేరు ఎరుగనివారు లేరు. మన పాఠశాలలలో మాత్రము అరుదుగా వినబడును. ఆయన రైల్వే ఇంజనీరు. మహాశిఖరమేదియు ఆయన పేరుతో ముడిపడి లేదు. ప్రపంచములోకెల్ల రెండవ ఎత్తైన శిఖరమునకు దండు కట్టుకొని వచ్చి, సగము దారిలో మరలిపోయినవాడు. అయినను ఆయన తరువాత మంచుకొండలనెక్కిన ప్రతివాని పాదము క్రిందను ఆయన బుద్ధి వున్నదని చెప్పవచ్చును.

పాదమునకు ఇనుము తొడుగుట మన సీమ రైతునకు వింత కాదు. బేతంచెర్ల ప్రాంతమునుండి బండల బరువు లాగిన ఎద్దులకు లాడాలు కొట్టించుట మన పెద్దలు చూచినదే. ఎద్దు గిట్ట చీలియుండును గనుక ఒక్కొక్క కాలికి రెండేసి రేకులు కావలె. ఎద్దును పడవేసి, కాళ్ళు కట్టి, గిట్ట చెక్కి, మేకులు దిగవేయువాని చేతి నేర్పు సామాన్యమైనది కాదు. కాని ఆ లాడము గిట్ట అరుగకుండ కాపాడునదే గాని, నేలను కరచి పట్టునది కాదు. మంచుపై కావలసినది కరచి పట్టెడి ఇనుము. దానిని కూడ మానవుడు ప్రాచీన కాలముననే కనిపెట్టినాడు. కాకసస్ పర్వతవాసులు పచ్చి ఎద్దుతోలుతో వెడల్పైన పాదరక్షలు చేసికొని, వానికి ముళ్ళు దిగగొట్టి మంచుపై నడుచుచుండిరని గ్రీకు భూగోళకారుడైన స్ట్రాబో రెండువేల యేండ్ల క్రిందటనే వ్రాసియున్నాడు. ఆల్ప్స్ పర్వతములలో వేటగాండ్రును, నిటారు వాలులలో గడ్డి కోయువారును నాలుగు ముళ్ళు గల చిన్న ఇనుప చట్రమును అరికాలి నడుమ కట్టుకొనుట తరతరములుగా వచ్చిన ఆచారము. కాబట్టి ఎకెన్‌స్టైన్ శూన్యమునుండి సృష్టించినది ఏమియు లేదు. వాడుకలో నున్న ఒక పల్లెటూరి పనిముట్టును తీసికొని, ఇంజనీరు కంటితో చూచి, దానికి శాస్త్రమును, నడకను కూర్చినాడు.

ఆయన 1859 సెప్టెంబరులో లండను నగరమున జన్మించినాడు. తండ్రి జర్మను దేశీయుడు. 1848లో ఐరోపాలో చెలరేగిన విప్లవములు అణగిపోయిన పిమ్మట స్వదేశమును విడిచి ఇంగ్లండు చేరిన సామ్యవాది. తల్లి ఆంగ్లేయురాలు. ఇంటిలో చదువుకు లోటు లేదు. ఆస్కార్ సోదరి లీనా ఎకెన్‌స్టైన్ మధ్యయుగముల క్రైస్తవ సన్యాసినుల చరిత్ర వ్రాసి పండితుల మన్నన పొందినది. ఆస్కార్ లండనులోను, జర్మనీలోని బాన్ నగరములోను రసాయనశాస్త్రము చదివి, తరువాత రైల్వేల పనిలో ప్రవేశించినాడు. ఇనుప చక్రము ఇనుప పట్టాను ఎట్లు పట్టుకొనునో, బరువు ఎచ్చట పడునో, ఎచ్చట జారునో లెక్కకట్టుట ఆ వృత్తిలోని వారికి దినచర్య. ఆ అలవాటునే ఆయన కొండలకును తీసికొనిపోయినాడని నాకు తోచును.

మనిషి పొట్టి, గట్టి, గడ్డము పెంచినవాడు. ఘాటైన పొగాకు పైపు ఆయన నోట ఎప్పుడును వుండవలసినదే. ఆనాటి లండను పెద్దమనుష్యులు మెరుగుపెట్టిన బూట్లతో తిరుగుచుండగా, ఆయన గడ్డితో అల్లిన చెప్పులు వేసికొని వీధులలో నడచెడివాడట. నేలను పాదము తెలిసికొనవలె గాని, దానిని తోలుపెట్టెలో బంధింపరాదన్నది ఆయన మతమేమో! దొరతనపు మర్యాదలు ఆయనకు గిట్టలేదు; మర్యాదస్థులకు ఆయన గిట్టలేదు. బ్రిటిషు పర్వతారోహకులలో పెద్దలందరును చేరిన ఆల్పైన్ క్లబ్బులో ఆయన ఏనాడును సభ్యుడు కాలేదు.

ఆ రోజులలో బండ లెక్కుటయనగా చేతులతో పట్టి, మోకాళ్ళతో ప్రాకి, బలముకొలది పైకి లాగికొనుటయే. ఎకెన్‌స్టైన్ బాహుబలము గలవాడే. ఒంటిచేతితో శరీరమును పైకెత్తుకొనగలవాడు. అయినను చేతులను నమ్మరాదని బోధించినాడు. శరీరపు బరువు పాదముల మీద నిలువుగా పడవలె. చేతులు తూకము తప్పకుండుటకే. ఇది మన గీతగాండ్రకు తెలియని సంగతి కాదు. నడుమునకు మోకు, పాదములకు బంధము వేసికొని తాటిచెట్టు ఎక్కువాడు చేతులతో వ్రేలాడడు. పాదముల మీద నిలిచి, మోకుపై వాలి, రెండు చేతులను పనికి వదలుకొనును. ఎకెన్‌స్టైన్ ఈ తూకమును పరీక్షించుటకు మహాపర్వతములను వెదకలేదు. వేల్స్ దేశమున దారిప్రక్కనున్న, మనిషికి రెండు మూడింతలుండు బండలే ఆయనకు ప్రయోగశాలలు. పెద్ద పెద్ద ఆరోహకులు నవ్వుచుండగా ఆయన ఒక్కొక్క బండను పది విధముల ఎక్కి దిగి, ఏ పాదము ఏ కోణమున నిలుచుచున్నదో చూచెడివాడు. ఆ బండలలో ఒకటి నేటికిని ఆయన పేరుతోనే పిలువబడుచున్నది.

మంచుమీద పని వేరు. మంచుగడ్డ పైభాగమున, గడ్డకట్టు ఉష్ణోగ్రతకు దిగువను కూడ, నీటివలె చలించు అతి పలుచని పొర ఒకటి వుండునని మైకేల్ ఫారడే 1850లోనే సూచించినాడు. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని ధ్రువపరచినారు. ఆ పొరయే జారుటకు ముఖ్యకారణము. బూటు అడుగున మేకులు కొట్టించుకొన్నను, వాలు కాస్త నిటారైనచో నిలుచుట కష్టము. అందువలన పందొమ్మిదవ శతాబ్దపు ఆరోహకులు మంచులో మెట్లు కొట్టుచు పోవుదురు. ముందు నడచు మార్గదర్శి మంచుగొడ్డలితో ఒక మెట్టు చెక్కును. దానిలో నిలిచి మరియొకటి చెక్కును. ఒక పెద్ద వాలు ఎక్కుటకు వందల కొలది మెట్లు కావలె. అది గంటల పని. ఆ గంటలలో పైన ఎండ ముదురును, కొండచరియలలో పట్టుకొనియున్న రాళ్ళు మంచు కరగి క్రిందికి దొరలును, మధ్యాహ్నమునకు తుపాను వచ్చును. మంచులో మరణించినవారిలో ఎందరో జారి చనిపోయినవారు కారు, ఆలస్యమై చనిపోయినవారు. ఈ విషయమును తక్కినవారు విధి అనుకొనగా, ఎకెన్‌స్టైన్ లెక్క అనుకొన్నాడు.

మొదట ఆయన చేయి పెట్టినది గొడ్డలి మీద. అప్పటి మంచుగొడ్డలి కామ 120 మొదలు 130 సెంటీమీటర్ల పొడవుండి, ఊతకర్రగను గొడ్డలిగను రెండు పనులకు వాడబడుచుండినది. నిటారు వాలుపై అది అడ్డము. ఎకెన్‌స్టైన్ దానిని 86 సెంటీమీటర్లకు తగ్గించి, ఒంటిచేత ఆడించునట్లు తేలిక చేసినాడు. పెద్దలు కోపగించిరి. ఆ కోపగించినవారిలో మార్టిన్ కాన్వే ఒకడు.

ఈ కాన్వేతోనే ఎకెన్‌స్టైన్ 1892లో తొలిసారి మన దేశమునకు వచ్చినాడు. కాశ్మీరమునకు ఉత్తరమున కారకోరం పర్వతశ్రేణిలో హిమానీనదములను కొలిచి పటములు గీయుట ఆ యాత్ర ఉద్దేశము. అంతకు అయిదేండ్ల ముందు స్విట్జర్లండులో స్టెక్‌నాడెల్‌హార్న్ అను శిఖరమును ఎకెన్‌స్టైన్‌తో మొదటిసారి ఎక్కిన మార్గదర్శి మత్తియాస్ జుర్‌బ్రిగ్గెన్ కూడ ఈ యాత్రలో వుండినాడు. కాన్వే కళాచరిత్రకారుడు, మాటకారి, పెద్దల ప్రాపు గలవాడు. ఎకెన్‌స్టైన్ ముక్కుసూటి మనిషి. ఇద్దరికి పొసగలేదు. యాత్ర ముగియకముందే ఎకెన్‌స్టైన్ విడిపోయి, కొంతకాలము తన దారిన తాను తిరిగి, ఇంటికి మరలినాడు. ఆ తిరుగుటలో పల్లెల యువకులను పోగుచేసి బండలెక్కు పందెములు పెట్టినాడని చెప్పుదురు. గొప్ప శిఖరముల జయాపజయముల కంటె ఈ ముచ్చట ఆయన స్వభావమును బాగుగా తెలుపును.

పదేండ్ల తరువాత, 1902లో, ఆయన మరల వచ్చినాడు. ఈసారి గమ్యము 8,611 మీటర్ల కె2 శిఖరము. ఆరుగురు సభ్యులు: ఎకెన్‌స్టైన్, గై నోల్స్, ఆలిస్టర్ క్రౌలీ అను ఆంగ్లేయులు ముగ్గురు, ఫాన్ల్, వెస్సెలీ అను ఆస్ట్రియనులు ఇద్దరు, జాకో గిల్లార్మో అను స్విస్ వైద్యుడు. క్రౌలీ తరువాతి కాలమున మంత్రతంత్రముల వలన అపఖ్యాతి పొందినవాడే. అంతకు ముందటి యేడాది ఎకెన్‌స్టైన్‌తో మెక్సికో దేశపు అగ్నిపర్వతములనెక్కి, ఆయన శిష్యునివలె నడచుకొన్నవాడు. రావల్పిండి చేరగానే ప్రభుత్వోద్యోగులు ఎకెన్‌స్టైన్‌ను ఆపివేసినారు. నేరమేదియు మోపలేదు, కారణము ప్రకటింపలేదు. కర్జన్ ప్రభువు వైస్రాయిగా నున్న కాలమది; సరిహద్దుల మీద రష్యా భయము కమ్ముకొనియున్న కాలము. జర్మను పేరు గల మనిషి గూఢచారి యని అనుమానించిరేమో! కాన్వే చాటున నడిపిన పని యని కొందరనుకొన్నారు గాని, దానికి నిదర్శనము దొరకలేదు. మూడు వారములు అటు ఇటు తిరిగి, పై అధికారులను ఆశ్రయించి, ఎట్టకేలకు అనుమతి పొంది, ఆయన శ్రీనగరమున తన జట్టును కలిసికొన్నాడు.

బాల్తోరో హిమానీనదముమీద వారు 68 దినములు గడిపినారు. అందులో ఆకాశము తెరపి ఇచ్చినవి ఎనిమిది దినములు మాత్రమే. ఈశాన్యపు గట్టున 6,500 మీటర్లకు పైబడి ఎక్కగలిగినారు. ఫాన్ల్ ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణాపాయములో పడినందున క్రిందికి దింపవలసి వచ్చినది. క్రౌలీ జ్వరముతో మూలిగినాడు. తుదకు మరలినారు. ఆ ఎత్తున అంత దీర్ఘకాలము మనుష్యులు నివసించుట అదివరకు లేదు. ఒక్కరును చనిపోకుండ అందరును తిరిగి వచ్చినారు. చరిత్రకారులు ఈ యాత్రను విఫలయాత్ర లన్నింటితోపాటు ఒక పంక్తిలో వ్రాసి వదలుదురు. నాకు అది న్యాయముగా తోచదు. 1905లో క్రౌలీ కాంచనగంగ యాత్రకు పిలిచినప్పుడు ఎకెన్‌స్టైన్ రానన్నాడు. ఆ యాత్రలో అలెక్సిస్ పాష్ అను స్విస్ యువకుడును, ముగ్గురు కూలీలును మంచు జారి మరణించినారు. ఎప్పుడు రానని చెప్పవలెనో తెలియుట కూడ స్థిరమైన పాదమునకు గుర్తే.

కారకోరము నుండి వచ్చిన తరువాతి సంవత్సరములలోనే ఆయన తన ముఖ్యమైన పనికి పూర్తి రూపమిచ్చినాడు. 1908లో పది ముళ్ళ ఇనుప చట్రమును సిద్ధపరచి, దాని నిర్మాణమును, దానితో నడచు పద్ధతిని ఆస్ట్రియా దేశపు పర్వతారోహక పత్రికలో వ్యాసములుగా ప్రకటించినాడు. పర్వతారోహకులు దానిని క్రాంపాన్ అందురు. పాత చట్రము అరికాలి నడుమ నాలుగు ముళ్ళు మాత్రమే కలది. మడమ, మునివేళ్ళు గాలిలోనే వుండును. ఎకెన్‌స్టైన్ చట్రము బూటు అడుగుభాగమంతయు పరచుకొని, అంచు వెంబడి ముళ్ళు దింపుకొనును. నడుమ కీలు వుండుటవలన నడచునప్పుడు పాదముతోపాటు వంగును. ప్రతి మనిషి బూటు కొలతకు సరిగా అమరవలెనని, వదులుగా నున్న చట్రము లేనిదానికంటె ప్రమాదకరమని ఆయన పట్టుపట్టినాడు.

ముల్లు చేయు మేలు విద్యార్థులు పలకమీద లెక్కవేసి తెలిసికొనదగినది. ఒక మనిషి బరువు 60 కిలోలనుకొందాము. ఒక కాలిమీద నిలిచినప్పుడు ఆ బరువు బూటు అడుగున సుమారు 150 చదరపు సెంటీమీటర్ల మీద పరచుకొన్నచో, చదరపు సెంటీమీటరుకు పడునది 400 గ్రాములు మాత్రమే. మంచుగడ్డ దానిని లక్ష్యపెట్టదు. అదే బరువు పది ముళ్ళ కొనలమీద నిలిచినదనుకొందాము. ఒక్కొక్క కొన రెండు మిల్లీమీటర్ల చదరము. పదింటి వైశాల్యము కలిపినను చదరపు సెంటీమీటరులో సగమైనను లేదు, 0.4 మాత్రమే. అప్పుడు చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడి పడును. మంచు చిట్లి ముల్లునకు చోటిచ్చును. చెప్పులు కుట్టువాని ఆరె మొద్దుతోలులో దిగుట ఈ సూత్రముచేతనే. కాబట్టి ముల్లు మొద్దుబారిన కొలది లాభము తగ్గును. బయలుదేరుటకు ముందు ఆకురాయితో కొనలు చూచుకొనుట ఆరోహకునకు నిత్యకృత్యమైనది.

చట్రము కంటె కష్టమైనది నడక నేర్పుట. వాలుమీద నిలిచిన మనిషికి భయముచేత కొండవైపు వాలబుద్ధి పుట్టును. వాలినంతనే బరువు పాదములమీది నుండి తొలగి, పాదములు క్రిందికి తన్నుకొనిపోవును. బూటు అంచును మంచులో గ్రుచ్చి నిలువవలెనని కూడ తోచును. అట్లు చేసినచో ఒక ప్రక్కనున్న నాలుగైదు ముళ్ళు మాత్రమే దిగి, తక్కినవి గాలిలో నుండును. చీలమండ మెలిపడి మనిషి పడును. ఎకెన్‌స్టైన్ చెప్పినది దీనికి విరుద్ధము. చీలమండను వాలునకు అనుగుణముగా వంచి, అరికాలు మంచు వాలుతో సమానముగా పరచి, పది ముళ్ళును ఒక్కసారి దిగునట్లు అడుగు వేయవలె. మోకాళ్ళు కొంచెము వంగి, శరీరము పాదములమీద నిలువుగా నుండవలె. పాదముల మధ్య ఎడముంచి నడువవలె. లేకున్న ఒక కాలి ముల్లు రెండవ కాలి లాగునకు తగులుకొని, మెరుక మీద కంటె ముందుగా తన వస్త్రముచేతనే మనిషి కూలును. తడి మంచులో ముళ్ళ నడుమ మంచు ముద్దగా అతుక్కొనును. అప్పుడు ముళ్ళు వున్నను లేనట్లే. రెండు మూడడుగుల కొకసారి గొడ్డలి కామతో బూటును తట్టి ఆ ముద్దను రాల్చవలె. తోలుపట్టీలు మిక్కిలి బిగించినచో రక్తము ఆడక వ్రేళ్ళు చలికి చచ్చిపోవును. ఇట్టి చిన్న చిన్న సంగతులన్నింటిని ఆయన ఓపికతో పరిశీలించినాడు. వేల్స్ బండలమీద నేర్చిన తూకమే ఇచ్చట మంచుమీద పనికి వచ్చినది. పెద్ద నిటారు వాలులను కూడ ఒక్క మెట్టు కొట్టకుండ ఆయన ఎక్కి దిగుట చూచి, చూచినవారు విస్తుపోయినారు.

అయినను బ్రిటిషు ఆరోహకులలో అధిక సంఖ్యాకులు దీనిని ఒప్పుకొనలేదు. తూర్పు ఆల్ప్స్‌లో జర్మను, ఆస్ట్రియను ఆరోహకులు ముళ్ళ చట్రములను వాడుచునే యుండిరి. ఇంగ్లీషువారికి మాత్రము అది పౌరుషహీనముగా తోచినది. మెట్లు కొట్టుటలోనే విద్య యున్నదట. ఇనుము కట్టుకొని నడచుట మోసమట! మేకులు కొట్టిన బూట్లు ధర్మముగను, మేకులు కొట్టిన చట్రము అధర్మముగను వారికెట్లు తోచినదో తర్కమునకు అందదు. మార్గదర్శుల సంకోచము అంతకంటె అర్థవంతమైనది. మెట్లు కొట్టుటయే వారి నేర్పు, వారి గౌరవము, వారి కూలి. ఆ పని అనవసరమైనచో తమ్ము ఎవరు పిలుతురన్న దిగులు పేదవానికి కలుగుట సహజము.

ఆ మార్గదర్శుల ఊరిలోనే ఎకెన్‌స్టైన్‌కు తగిన తోడు దొరకినది. మోంబ్లాం పర్వతమునకు ఇటలీ వైపున కూర్మాయ్యూర్ అను గ్రామము కలదు. అచ్చటి కమ్మరి హెన్రీ గ్రివెల్. పొలము పనిముట్లు చేసెడి కుటుంబము. ఎకెన్‌స్టైన్ గీసి యిచ్చిన కొలతల ప్రకారము ఆయన కొలిమిలో పది ముళ్ళ చట్రము రూపు దాల్చినది. ఇంజనీరు లెక్కకు కమ్మరి సమ్మెట తోడు కాకున్నచో ఆ వ్యాసములు కాగితముమీదనే మిగిలియుండును. మన ఊళ్ళలో గుంటకకు పదును, గొర్రుకు కర్రు చేసి యిచ్చు కమ్మరిని చూచినవారు ఈ మాట నమ్ముదురు. రైతు చెప్పిన వంపును విని, ఇనుములో అదే వంపు తెచ్చుట వట్టి కూలిపని కాదు. 1912 వేసవిలో ఆ గ్రామపు మార్గదర్శులకే బ్రెన్వా హిమానీనదముమీద ముళ్ళ నడక పందెము ఏర్పాటైనది. కూలి పోవునని భయపడినవారే పందెమునకు నిలిచి, మెట్లు లేని మంచు గోడలమీద ఎక్కి దిగి చూపినారు. ఇంగ్లండులో వాదములు సాగుచుండగనే ఆల్ప్స్‌లో తీర్పు అయిపోయినది.

ఎకెన్‌స్టైన్ జీవితములోని తక్కిన భాగమును క్లుప్తముగా చెప్పవచ్చును. త్రాళ్ళ ముడులను గురించి, ఏ ముడి త్రాడు పురికి అనుకూలమో, ఏది ప్రతికూలమో పరిశోధించి 1909లో వ్రాసినాడు. సర్ రిచర్డ్ బర్టన్ అను యాత్రికుని గ్రంథములను, ఆయనకు సంబంధించిన కాగితములను శ్రద్ధతో సేకరించినాడు. ఆ సేకరణ తరువాత, 1939లో, లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీకి చేరినది. 1918లో, దాదాపు అరువది యేండ్ల వయసులో, వివాహము చేసికొన్నాడు. 1921లో క్షయవ్యాధిచేత మరణించినాడు. మంచుగాలిలో జీవించిన ఊపిరితిత్తులే ఆయనను మోసగించినవి. తన పేర పెద్ద గ్రంథము వ్రాసికొనలేదు. తన యాత్రలను గురించిన చిన్న పుస్తకము, కొన్ని వ్యాసములు మాత్రమే విడిచినాడు.

ఆయన పోయిన ఎనిమిదేండ్లకు, 1929లో, హెన్రీ గ్రివెల్ కుమారుడు లారాన్ ఆ చట్రమునకు ముందువైపు పొడుచుకొనివచ్చు రెండు ముళ్ళు చేర్చి పన్నెండు చేసినాడు. ఆ రెండు ముళ్ళ విలువ 1938 జూలైలో తేటతెల్లమైనది. స్విట్జర్లండులో ఐగర్ శిఖరపు ఉత్తరకుడ్యము అప్పటికి ఎవ్వరును ఎక్కనిది; ఎక్కబోయిన పలువురను బలిగొన్నది. ఆస్ట్రియను యువకులు ఇద్దరు ముందు బయలుదేరినారు. వారిలో కాస్పారెక్ కాళ్ళకు పది ముళ్ళ చట్రము వున్నది; హారర్ బరువు తగ్గునని చట్రమే తేలేదు. కాబట్టి మంచు మైదానమువెంట వారు గంటల తరబడి మెట్లు కొట్టుకొనుచు పోవలసి వచ్చినది. మరునాడు బయలుదేరిన జర్మనులు హెక్‌మైర్, ఫ్యోర్గ్ పన్నెండు ముళ్ళవి ధరించినవారు. ఆ మెట్ల వరుస ప్రక్కనుండి నడచుకొనిపోయి, వారిని చేరుకొన్నారు. తరువాత నలుగురును ఒక్క త్రాడు కట్టుకొని, జూలై 24న శిఖరము చేరినారు. తాను కొట్టిన మెట్లను, ప్రక్కన మెట్లు లేకుండ నడచి వచ్చిన మనుష్యులను ఒకేసారి చూచిన కాస్పారెక్ మనస్సు ఎట్లుండినదో ఊహించుకొనవలసినదే.

1953 మే 29న ఎవరెస్టుమీద హిల్లరీ, టెన్జింగులు నిలిచినప్పుడును, 1954 జూలై 31న ఎకెన్‌స్టైన్ మరలిపోయిన కె2 శిఖరమును ఇటలీవారు కొంపన్యోని, లాచెదెల్లి చేరినప్పుడును, పాదముల క్రింద నున్నవి ఆ కొలిమిలో పుట్టిన ఇనుము సంతతియే.

కొండలెక్కనివారి పాదములకును ఆ సంతతి చేరినది. షికాగోలోను, టొరాంటోలోను చదువులకై పోయిన మన సీమ పిల్లలు మొదటి శీతాకాలమున వీధి ప్రక్క కాలిబాట గాజువలె మెరయుట చూచి, పగలు కరగి రాత్రి గడ్డకట్టిన ఆ నీటిమీద ఒక్క అడుగు వేసి, వెల్లకిల పడుదురు. అచ్చటివారు బూటుకు క్రిందనుండి తొడుగుకొను రబ్బరు పట్టీ యొకటి వాడుదురు; దాని అడుగున పొట్టి ఉక్కు మేకులో, తీగ చుట్టలో వుండును. ఎకెన్‌స్టైన్ చట్రముతో పోల్చినచో అది బొమ్మవంటిది. చదునైన బాటకు అంతకంటె అక్కరలేదు. నడక మాత్రము అదే: చిన్న అడుగులు, పాదముల మధ్య కొంచెము ఎడము, మోకాళ్ళలో వంపు, చేతులు జేబులలో గాక బయట, బరువు ముందు పాదముమీద నిలువుగా. ఇక ఇంటి గుమ్మమునకు రాగానే ఆ పట్టీ విప్పవలె. మంచును కరచి పట్టు ఉక్కుమేకు, నున్నని పలకరాయిమీద దిగుటకు చోటు లేక, వట్టి బూటుకంటె ఎక్కువగా జారును. బయట మంచంతయు దాటివచ్చి, లోపల గచ్చుమీద పడి చేయి విరుగగొట్టుకొనువారు వున్నారు.